పొందిక వేసిన దూరం

శ్రావణం, సోమవారం

మూడో చెరువులో నీళ్ళు తేటగా ఉన్నాయి. శీలావతి చేపపిల్లలు మేత బాగా అందుకుంటున్నాయి. రెండో చెరువులో ఒక కొర్రమీనుకి మొప్పల పక్కన తెల్లటి పొడలు కనిపిస్తే పట్టి విడి తొట్టిలో వేశాను. ఉప్పునీళ్ళ స్నానం చేయించాలి.

ఈ లాగ్‌లో చేపల సంగతులు తప్ప మరేమీ రాయకూడదు. అయితే నేను మీదపేట చేపల డాక్టరుగా చేరిన దగ్గర్నుంచీ దీన్ని తెరిచి చదివిన మనిషి ఒక్కరూ లేరు. అందుకని ఇవాళ చేపలకు సంబంధం లేని సంగతి ఒకటి రాసుకుంటున్నాను. మా అన్నయ్య కనబడి చాలా రోజులైంది.

అన్నయ్య పేరు గవర్రాజు. పెళ్ళి వంటల మేస్త్రి. సముద్రం పాత ఊరిని మింగేశాక మా అమ్మానాన్నల తరం కొండలెక్కి ఈ మీదపేట కట్టుకుంది. ఇక్కడ పెళ్ళయినా పేరంటమైనా అన్నయ్య గరిటె పడకుండా జరగదు. అన్నయ్య ఉండేది ఎదురు కొండ మీద. నా చెరువు గట్టున నిలబడితే అతని వంటశాల పొగగొట్టం కనిపిస్తుంది. మధ్యలో లోయ, లోయ మీద తీగబండి.

తీగబండి ఎక్కేముందు ఎక్కడికి వెళ్ళాలో చెబితే, ఏ గదిలో ఎవరి పక్కన కూర్చోవాలో పొందిక చెబుతుంది. పొందిక మా ఊరిని నడిపే యంత్రం. బండిలో చోటు, ఆసుపత్రి చీటీ, సంతలో వరస, అన్నీ అదే చూస్తుంది. ఇదివరకు వారానికి రెండు మూడుసార్లయినా అన్నయ్యా నేనూ ఒకే గదిలో పడేవాళ్ళం. లోయ దాటేలోపు ఒక పోట్లాట, ఒక నవ్వు, దిగేముందు నా సంచిలోకి అరటాకులో చుట్టిన గారెలో బొబ్బట్లో. ఈమధ్య అసలు తగలడం లేదు.

"సావనమాసం కదా, పెళ్ళిళ్ళు. తీరికుండదు మీ అన్నయ్యకి," అన్నాడు మా ఆయన సూరిబాబు.

సరేననుకున్నాను.

శ్రావణం, శుక్రవారం

కొర్రమీను కోలుకుంది. మళ్ళీ చెరువులో వదిలాను. తోక ఝాడించి నా మొహం మీద నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది. కృతజ్ఞత లేని జాతి, అందుకే నాకిష్టం.

అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య గొంతు ఎత్తింది.

గొంతు అంటే ఇప్పటి పిల్లలకి చెప్పక్కర్లేదు. ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. మనం ఇంట్లో మాట్లాడే మాటలు విని, మన ఇష్టాయిష్టాలు నేర్చుకుని, బయటి మాటలన్నీ మన తరఫున అదే మాట్లాడుతుంది. ఫోన్ ఎత్తుతుంది, పిలుపులకి జవాబిస్తుంది, ఊరి చర్చావేదికలో వాదిస్తుంది. మా అమ్మ రోజుల్లో మనుషులే స్వయంగా తెర మీద వేళ్ళతో పొడుస్తూ పోట్లాడుకునేవాళ్ళట. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మరీ పోట్లాడేది, పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద కోపంతో రెండ్రోజులు అన్నం మానేసేది. గొంతులు వచ్చాక ఆ బాధ తీరింది. నాకు పొందిక మీద, గొంతుల మీద ఫిర్యాదు ఎప్పుడూ లేదు. ఊళ్ళో కొట్లాటలు తగ్గాయి. కేసుల్లేక పోలీసు ఠాణాలో సగం గదులు బాలబడికి ఇచ్చేశారు.

ఒక్కటే నాకు రుచించదు. గొంతు మాట్లాడేది మన కంఠంతోనే, కానీ యాస తీసేసి మాట్లాడుతుంది. అన్నయ్య గొంతు నాతో, "గవర్రాజు గారు ప్రస్తుతం పనిలో ఉన్నారు. మీరు ఫోన్ చేశారని తెలియజేస్తాను," అంది. మా అన్నయ్య జన్మలో ఎప్పుడూ 'ప్రస్తుతం' అని ఎరగడు.

మా ఆయన గొంతంటే ఊళ్ళో అందరికీ ఇష్టం. ఏ విషయం మీదా దానికి అభిప్రాయం లేదు. అది మా ఆయన్ని చాలా శ్రద్ధగా విని నేర్చుకుంది.

భాద్రపదం, బుధవారం

వానలు. గట్టు కోసుకుపోకుండా మూటలు వేయించాను.

ఏటా మొదటి పట్టులో పెద్ద చేప అన్నయ్యకి పంపుతాను. ఈసారి కూడా మంచి బొచ్చె చేపని ఐసులో పెట్టి తీగబండిలో పంపాను. మధ్యాహ్నానికి అదే బుట్ట తిరిగొచ్చింది. మీద చిన్న చీటీ. 'మీ ఆదరానికి ధన్యవాదాలు. ప్రస్తుతం అవసరం లేదు.'

మా ఆయన బుట్టలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు.

"పులుసు పెట్టీమంటావా?" అన్నాడు.

"పెట్టు," అన్నాను. తినలేకపోయాను. అన్నయ్య వచ్చిన చేపని తిప్పి పంపుతాడా? చేప కళ్ళు చూసి ఏ చెరువుదో చెప్పగలనని కోతలు కోసే మనిషి.

ఆశ్వయుజం, ఆదివారం

ఇవాళ అన్నయ్యకి అరవయ్యో పుట్టినరోజు.

పొద్దున్నించీ గట్టు మీదే ఉన్నాను. ఎదురు కొండ మీద పందిరి వేశారు. డప్పులు వినిపించాయి. పొగగొట్టం ఆగకుండా పొగ కక్కింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా నేతిలో వేగుతున్న జీడిపప్పు వాసన. ఊరంతా పిలుపు అందుకుంది. మా మేతకొట్టులో పనిచేసే ఆడవాళ్ళు కూడా పట్టుచీరలు కట్టుకుని తీగబండి ఎక్కారు. నాకు పిలుపు రాలేదు.

నా గొంతుని అడిగాను, పిలుపు ఏమైనా వచ్చిందా అని.

"వచ్చిందండి. మీ అసౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకుని మర్యాదగా తిరస్కరించాను," అంది.

"నాకు అసౌకర్యమా? నీకెవరు సెప్పారు?"

"మీ ఇటీవలి మాటలను బట్టి, ఆ ఇంటి వాతావరణం మీకు నచ్చదని అర్థమైంది."

ఏ మాటలో ఎంత గుర్తుచేసుకున్నా తోచలేదు. చీర మార్చుకుని మా ఆయన్ని లేపుకుని తీగబండి దగ్గరికి పరుగెత్తాను. ఎదురు కొండకి అని చెప్పాను. "ఈ పూట చోట్లు లేవు, సాయంత్రం చూడండి," అంది పొందిక. నా కళ్ళముందే ఖాళీ గది ఒకటి ఊగుతూ వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని నా పాదాలు పట్టాడు. మాట సాయం చెయ్యడం అతనికి చేతకాదు.

కార్తీకం, మంగళవారం

చెరువుల్లో ప్రాణవాయువు తగ్గింది. రెండు గాలి యంత్రాలు వేసి ఉంచాను.

ఊరి ఓటు ఫలితం వచ్చింది. కొన్నేళ్ళుగా సముద్రం వెనక్కి తగ్గుతోంది. పాత ఊరి దిబ్బలు బయటపడ్డాయి. కిందికి దిగి కర్రస్తంభాల మీద ఇళ్ళు కట్టుకుందామని దిగువవాళ్ళు, కొండ మీదే ఉందామని ఎగువవాళ్ళు. దిగువవాళ్ళు పాటలు పాడి ఓట్లడుగుతారు, ఎగువవాళ్ళు లెక్కలు చెప్పి అడుగుతారు. నాకు పాటలు నచ్చుతాయి గానీ ఓటు లెక్కలకే వేస్తాను. అన్నయ్య మొదట్నుంచీ దిగువ మనిషే. తీగబండిలో మా పోట్లాటలన్నీ దీనిమీదే.

ఎవరికీ పూర్తిగా గెలుపు రాలేదు. దిగాలనుకున్నవాళ్ళని మాత్రం దిగనివ్వాలని తీర్మానించారు. మార్గశిరంలో, తుఫాన్ల కాలం అయ్యాక, మొదటి పడవ. వెళ్ళేవాళ్ళ పేర్లు సంత దగ్గర మైకులో చదివారు. మూడో పేరే గవర్రాజు, దాలమ్మ. దాలమ్మ మా వదిన.

నేను కూరగాయల బుట్ట అక్కడే వదిలేశాను. కింద తీగలు లేవు, యంత్రాలు లేవు. ఫోన్ కలవాలంటే ఇంకో ఏడాది పడుతుందట. అన్నయ్య నాతో ఒక్క ముక్క చెప్పకుండా సముద్రం మీదికి కాపురం పోతున్నాడు.

కార్తీకం, గురువారం

వార్డు కచేరీకి వెళ్ళాను. పొందిక వ్యవహారాలు చూసే అమ్మాయి పేరు షమీమ్. నెమ్మదస్తురాలు. నేను చెప్పినదంతా విని, తెర మీద ఏవో చూసి, ఇబ్బందిగా మొహం పెట్టింది.

"మీ ఇంటికీ, గవర్రాజు గారి ఇంటికీ మధ్య పొందిక దూరం వేసిందండీ."

"దూరమంటే?"

"మీ గొంతూ ఆయన గొంతూ చర్చావేదికలో ఏడాదిగా బాగా గొడవపడుతున్నాయి. గొంతులు అంతలా గొడవపడితే, మనుషులు ఎదురుపడి మనసు కష్టపెట్టుకోకుండా పొందిక జాగ్రత్తపడుతుంది. ఒకే బండిలో ఎక్కనివ్వదు. ఒకే పూట సంతకి రానివ్వదు. పిలుపులూ పంపకాలూ తగ్గిస్తుంది. దూరం ఇంటికి పడుతుంది కాబట్టి మీ ఆయన కూడా వెళ్ళలేరు."

"అన్నాసెల్లెళ్ళమమ్మా మేము!"

"అది చుట్టరికం చూడదండీ. మాటలే చూస్తుంది."

"సరే, తీసీ ఆ దూరం."

"ఇద్దరూ కలిసి వచ్చి ఇక్కడ వేలిముద్ర వెయ్యాలండీ."

"కలవనివ్వని మనుషులు కలిసి ఎలగొస్తారు?"

షమీమ్ మళ్ళీ తెర వెతికింది. "ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు," అంది.

"ఎవులూ అడగనేదా?"

"దూరం పడిందని ఎవరికీ తెలియదు కదండీ. చుట్టాలు మారిపోయారనుకుంటారు. స్నేహితులు మర్చిపోయారనుకుంటారు." ఆ మాట అన్నాక తనే తల వంచుకుంది. ఆ పిల్లకి కూడా ఎవరో గుర్తొచ్చి ఉంటారు.

కార్తీకం, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను.

తీగబండి రాకముందు లోయలోకి మెట్లదారి ఉండేది. ఇప్పుడు ఎవరూ నడవరు. తెల్లవారగానే నేనూ మా ఆయనా బయల్దేరాం. నా మోకాలికి పట్టీ కట్టుకున్నాను. మెట్లమీద నాచు, మోకాలెత్తు గడ్డి. మా ఆయన కర్రతో గడ్డి కొడుతూ ముందు నడిచాడు. అడుగున వాగు దాటేటప్పుడు జారి కూర్చుండిపోయాను. చీర తడిసింది, మోచెయ్యి గీసుకుపోయింది.

"ఎనక్కెళ్ళిపోదామా?" అన్నాడు.

"నువ్వెళ్ళు," అన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని లేపాడు. తర్వాత ఎక్కుడంతా వెనకనుంచి నెడుతూనే ఉన్నాడు.

అన్నయ్య ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వదిన వాకిట్లో గిన్నెలు మూటలు కడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"దారి తెలిసిందేటి?" అంది.

"వదినా, నన్నెందుకు ఎలేసినారు?"

"మేమా! పుట్టినరోజుకి పిలిస్తే రాలేనన్నావు. పోనీ అనుకున్నాం. సేప పంపకపోతే పోనీ అనుకున్నాం."

"పంపినాను వదినా. తిరిగొచ్చీసింది!"

వదిన నమ్మలేదు. ఆమె కోపం వేరేచోట ఉంది. "రాజకీయంలో నువ్వెన్నయినా అను. మీ అన్నయ్య వంట మాటంటావేటి? ఊరంతా సూసే సోట! 'గవర్రాజు గారి ఆలోచనలు ఆయన సాంబారు లాంటివి, అన్నీ వేస్తారు, ఏదీ ఉడకదు' అనీసి! ఆ రోజు నుంచి మీ అన్నయ్య సాంబారు కాయనేదు, ఊరంతా బతిమాలితే ఇవాలే మళ్ళీ పెట్టినాడు. తెలుసా నీకు?"

ఆ మాట నాదే. ఒక పొద్దున్న పెనం మీద అట్టు తిప్పుతూ మా ఆయన్ని నవ్వించడానికి అన్నాను. అన్నయ్య ఎదురుగా ఉంటే అతని మొహం మీదే అని, ఒక మొట్టికాయ తిని ఉండేదాన్ని. గొంతు దాన్ని ఏరుకుని, యాస తీసి, గారు చేర్చి, ఊరి మధ్య పెట్టింది.

"మరి అన్నయ్య గొంతు నన్నేటందో నాను సూడనేదు," అన్నాను.

"సేపలతో మాటాడీవోళ్ళకి మనుషుల సంగతి తెలదు అంది," అని మా ఆయన మెల్లగా చెప్పాడు. ఇద్దరం అతని వైపు తిరిగాం. ఎప్పుడో చూశాడట. నేను బాధపడతానని చెప్పలేదట.

వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "అది మీ అన్నయ్య ఇక్కడ కూకొని నాతో అన్నమాటే," అంది. నా మోచెయ్యి చూసి, "ఒలమ్మో, రక్తం!" అని లోపలికి పరుగెత్తి పసుపు తెచ్చింది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని వంటశాలకి తీసుకెళ్ళింది. దిగేవాళ్ళ కోసం ఊరు చేసే వీడ్కోలు భోజనాలు ఇవాళే. ఇరవై మంది పనివాళ్ళు. మధ్యలో పెద్ద గంగాళం ముందు అన్నయ్య, తువ్వాలు తలకి చుట్టుకుని. నన్ను చూశాడు. గరిటె ఆగింది. మళ్ళీ తిరిగింది.

అన్నయ్య గంగాళంలోకే చూస్తూ, "ఎవులైనా ఈ సాంబారు సూడండిరా. ఉడికిందో నేదో," అన్నాడు.

నేను ముందుకెళ్ళి అరచెయ్యి చాచాను. గరిటె అంచు నుంచి చుక్క పోశాడు. నాకు కన్నీళ్ళతో రుచి తెలియలేదు, కానీ ఊరుకుంటానా.

"ఉప్పు తక్కువైంది," అన్నాను.

అన్నయ్య తనూ నాలిక మీద వేసుకున్నాడు.

"సరిపోయింది."

"తక్కువైంది."

"నలభై ఏళ్ళనుంచి సేస్తన్నాను, సేపల డాక్టరు నాకు సెప్తాదా ఉప్పు!"

"సముద్రంలోకి పోతన్నావు కదా, అందుకే ఉప్పు అక్కడ దొరుకుతాదని మానీసినావేటి!"

అంతే, మొదలైంది. తుఫానొస్తే కర్రలు నిలుస్తాయా అని నేను. వానొస్తే కొండ జారదా అని అన్నయ్య. లెక్కలు చూడమని నేను. లెక్కలు వేసినవాళ్ళే పాత ఊరు మునగదన్నారని అన్నయ్య. వంటశాల ముందు జనం మూగారు. పెద్దవాళ్ళు ఇద్దరు నిజంగా నోళ్ళతో పోట్లాడుకోవడం చూసి చాలా ఏళ్ళయింది కదా, పిల్లలు అరుగుల మీదెక్కి చూశారు. నా సంచిలోని ఫోన్‌లోంచి గొంతు "సహాయం కావాలా?" అని అడుగుతూనే ఉంది. తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

చివరికి అన్నయ్య గరిటె పక్కన పెట్టాడు.

"అమ్మ సచ్చిపోయినంతవరకూ పొద్దున్నే లేసి కిందకే సూసీది, గుర్తుందా? 'మన ఇల్లు అదిగో, ఆ నీళ్ళ కింద' అనీది. నువ్వు సిన్నదానివి. నాకా ఇల్లు గుర్తుందే రత్నం. ఆ గడప గుర్తుంది. నీళ్ళు తగ్గినాయి. నాను దిగతాను."



"మరి నాకు సెప్పకుండా పోతావా?" అన్నాను.

"నువ్వు రానేదు కదే," అన్నాడు. నా మోచేతి పసుపు చూశాడు. "మెట్లదారంటొచ్చినావా? నీకు బుద్ధి ఉందేటి? ఒరే సూరిబాబూ, నీకైనా ఉండక్కర్లేదా!"

"ఉప్పు నిజంగానే తక్కువైంది బావా," అన్నాడు మా ఆయన.

మా ఆయన నోటినుంచి ఒక అభిప్రాయం వినడం నాకదే మొదలు. అన్నయ్య నోరెళ్ళబెట్టి, తర్వాత గంగాళంలో గుప్పెడు ఉప్పు వేశాడు.

కార్తీకం, సోమవారం

వదిన వెళ్ళనివ్వక రెండ్రోజులూ అక్కడే ఉండిపోయాం. ఇవాళ అన్నయ్యా నేనూ కచేరీకి బయల్దేరాం. వేరువేరుగా చెబితే చోటివ్వదని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఖాళీ గదిలోకి దూరి కూర్చున్నాం. తలుపు పడలేదు.

"దయచేసి ఒకరు తర్వాతి బండిలో రండి," అంది పొందిక, చాలా మర్యాదగా.

"ఏం దిగం," అన్నాడు అన్నయ్య.

మా వెనక గదులన్నీ ఆగిపోయాయి. జనం తిట్టడం మొదలుపెట్టారు. మేం ఈలోగా అయిపోయిన ఓటు గురించి మాట్లాడుకుంటూ గొంతులు పెంచాం. అది వినేసరికి పొందిక ఎర్రదీపం కూడా వేసింది. ఆఖరికి తీగబండి నడిపే పెద్దాయన బండగా ఉన్న చేతిపిడి ఒకటి తెచ్చి తలుపు మూసి, తనే చక్రం తిప్పి పంపించాడు. "ఈ పిడి ఉందని మర్చిపోయాను," అన్నాడు.

కచేరీలో వేలిముద్రలు వేశాం. దూరం పోయింది. షమీమ్ సంతోషించి, "మీ గొంతుల్ని కూడా రాజీ చేసేయమంటారా? ఒక్క మీట చాలు," అంది.

"రాజీ ఎందుకమ్మా?" అన్నాడు అన్నయ్య. "మేమే అవలేదు."

నేను మాత్రం ఒక మార్పు అడిగాను. బంధువులతోనూ రాజకీయంలోనూ నా గొంతు మాట్లాడకూడదు, నేనే మాట్లాడతాను అన్నాను. "రోజుకి ఎన్ని వస్తాయో మీకు తెలియదండీ," అని షమీమ్ జాలిగా చూసింది.

మార్గశిరం, గురువారం

షమీమ్ చెప్పింది నిజమే. చేపలకి మేత వెయ్యాలా, ఊరివాళ్ళ వాదనలకి జవాబివ్వాలా! నిన్న ఒకాయన గొంతు పడవల పన్ను మీద నా వైఖరి అడిగింది. 'తెలీదు' అని రాశాను. మార్కెట్ షెడ్డు గురించి ఇంకొకరి గొంతు అడిగింది. 'ఇంకా ఆలోచించలేదు' అని రాశాను. రెండు గొంతులూ అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాయి. గొంతులు వచ్చాక చర్చావేదికలో తెలీదు అన్న మాటే ఎవరూ అనలేదట. సాయంత్రానికి ఆ పడవల పన్ను ఆయన స్వయంగా రాశాడు, 'నాకూ సరిగా తెలీదమ్మా' అని.

కచేరీ ముందు వరస పెరిగిందట. తమకి ఎవరెవరితో దూరం పడిందో అడగడానికి వస్తున్నారట. అందరూ కలిసిపోతున్నారనుకోవద్దు. ఇద్దరు అన్నదమ్ములు తెలుసుకుని మరీ దూరం అలాగే ఉంచమన్నారని షమీమ్ చెప్పింది. అదీ న్యాయమే. కనీసం వాళ్ళకి తెలుసు.

మార్గశిరం, ఆదివారం

పడవ వెళ్ళిపోయింది.

రేవు దాకా నేనూ మా ఆయనా దిగాం. అన్నయ్య గంగాళాలు, వదిన తులసి కుండీ, రోలు, పొత్రం అన్నీ ఎక్కాయి. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. అన్నయ్య ఏడవలేదు. తాడు విప్పేదాకా పడవ వాళ్ళకి బరువు ఎటు పెట్టాలో చెబుతూనే ఉన్నాడు.

కదిలాక ఒక్కసారి నావైపు తిరిగి, "కొండ జారితే కబురెట్టు!" అని అరిచాడు.

"ఇల్లు కొట్టుకుపోతే ఈదుకుంటొచ్చీ!" అని నేనూ అరిచాను.

రేవులో ఎవరో నన్ను వింతగా చూశారు. వాళ్ళకేం తెలుసు. తిరిగొచ్చేటప్పుడు తీగబండిలో మా ఆయన నా తల తన భుజం మీద పెట్టుకున్నాడు. ఇల్లొచ్చేదాకా అలాగే ఉన్నాను.

మాఘం, శనివారం. కింద ఊరు

చెరువులు పది రోజులపాటు మేతకొట్టు వాళ్ళకి అప్పగించి సరుకుల పడవలో వచ్చాను. ఈ పేజీలు పాత ఊరి దిబ్బమీద, అన్నయ్య ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

పడవ దిగగానే అన్నయ్య నన్ను ఇంటి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. కర్రస్తంభాలు, తాటి వాసాలు, రేకు కప్పు. నేల సందుల్లోంచి చూస్తే కింద నీళ్ళు మెరుస్తున్నాయి. నల్లబడిపోయారిద్దరూ. వదిన చిక్కింది గానీ నవ్వు పెరిగింది. ఇంటి ముందు నీళ్ళలో ఒక చోట కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాడు. అక్కడే పాత ఇంటి గడప ఉందట. పోటు తగ్గినప్పుడు రాయి కాలికి తగులుతుందట. నన్నూ నీళ్ళలోకి దింపాడు. తగిలింది. నాకేమీ గుర్తులేని ఆ గడప మీద నిలబడి అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను.

"ఎలగుంది ఇల్లు?" అన్నాడు పైకొచ్చాక.

బాగుందందామనే అనుకున్నాను. కానీ వంటగదిలోకి అడుగు పెట్టేసరికి కళ్ళు మండిపోయాయి.

"పొయ్యి అటెట్టినావేటి? సముద్రం గాలికి పొగంతా ఇంట్లోకే కొడతాది కదా. వదిన కళ్ళు సూడు, ఎలాగైపోనాయో."

"గాలి సంగతి నీకేటి తెల్సు, కొండ మీదదానివి!"

"కొండ మీద గాలి నేదేటి? కిటికీ ఇటు కొట్టు, పొయ్యి అటు తిప్పు."

"నా వంటిల్లు నాకు తెల్సు."

అన్నం తినేదాకా ఆ వాదనే. వదిన ఇద్దరికీ మజ్జిగ పోసి, తన కంచం పట్టుకుని వెళ్ళి వాకిట్లో తింది.

మాఘం, ఆదివారం

సుత్తి చప్పుడుకి మెలకువ వచ్చింది. బాగా తెల్లవారింది. వంటగదిలోకి వెళ్ళి చూస్తే పొయ్యి అవతలి గోడకి జరిపి ఉంది. అన్నయ్య నిచ్చెనెక్కి సముద్రం వైపు గోడలో పలకలు ఊడదీస్తున్నాడు. అప్పుడే సగం కిటికీ తయారైంది. అందులోంచి వెలుగు, గాలి, అంతులేని నీళ్ళు.

నన్ను చూసి మేకులు నోట్లోంచి తీశాడు.

"నువ్వు సెప్పినావని కాదు. రేతిరే నాకు తోచింది."

"అవునన్నయ్యా, నీకే తోచింది," అని వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.